తలకోనలో చూడదగినవి

తలకోన వాకిట్లో టికెట్లిచ్చే గది పక్కన ఇప్పుడొక పెద్ద బోర్డు పెట్టారు. చూడదగినవి అని పైన రాసి, కింద జలపాతం, సిద్ధేశ్వరస్వామి గుడి, గిల్లతీగ, చెట్ల నడుమ తాళ్ళతో కట్టిన ఊగే వంతెన అంటూ ఒక్కోదానికీ ఒక బొమ్మ వేశారు. మొన్న కార్తీకంలో మా చెల్లెలి మనవరాలు హారిక నన్ను కారులో అక్కడికి తీసుకెళ్ళినప్పుడు, ఆ బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివాను. అందులో నా పేరు లేదు. ఒకానొక కాలంలో, ఒక్క మధ్యాహ్నం పూటే అయినా, ఆ కోనలో చూడదగినవాటిలో నేను కూడా ఒకదాన్ని. నన్ను చూడటానికని పూతలపట్టు నుంచి ఒక కుటుంబం బస్సెక్కి వచ్చింది. చూడటానికి వచ్చినవాళ్ళు నన్ను చూడలేదు. చూసినవాళ్ళు నన్ను చూడటానికి రాలేదు. ఆ గందరగోళం అర్థం కావాలంటే మా ఇంటి నామాల దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయన దేవస్థానం ఆఫీసులో గుమస్తా. తాతముత్తాతలు గుడిలో కైంకర్యం చేసినవాళ్ళు. నాయన కాలానికి అది ఫైళ్ళ కైంకర్యంగా మారినా, పొద్దున పెట్టే నామం దగ్గర మాత్రం ఏ మార్పూ రాలేదు. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో మా ఇల్లు. తెల్లవారేసరికి వంటింట్లోంచి ఇంగువ తాలింపు వాసన, నడవలోంచి ఆరీఆరని మడిబట్టల వాసన, స్తంభానికి కొట్టిన చిన్న అద్దం ముందు నాయన. తిరుమణిని అరచేతిలో నీళ్ళతో అరగదీసి, పుల్లతో తెల్లటి గీతలు దిద్ది, మధ్యలో ఎర్రటి తిరుచూర్ణం నిలబెట్టేదాకా ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. మా వాళ్ళ నామానికి ముక్కు మీదికి దిగే పాదం ఉంటుంది. పాదం లేని నామం వాళ్ళు కూడా ఆ స్వామినే కొలుస్తారు గానీ, మా అవ్వ లెక్కలో వాళ్ళు దూరపు చుట్టాలు కూడా కాదు. అవ్వ అంటే నాయన తల్లి. మనుషుల్ని నుదుటి దగ్గర మొదలుపెట్టి కిందికి చదివేది. నుదురు ఖాళీగా ఉంటే చదవడం అక్కడితో ఆపేసేది. కొత్త మనిషి వాకిట్లో నిలబడి పేరు చెప్పేలోపే, ఆయన ఏ శాఖవాడు, ఏ ఆచార్యుల శిష్యుడు, మన చెంబుతో నీళ్ళివ్వచ్చా కూడదా అన్నవన్నీ ఆమెకు తేలిపోయేవి. ఆ విద్యలో ఆమె పొరబడటం నేను ఆ రోజు వరకూ చూడలేదు.

అప్పటికి నేను తిరుపతిలోనే ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు పంతులమ్మను. ఉద్యోగం కొత్త, గర్వం అంతకన్నా కొత్త. సాయంత్రం బడి నుంచి వచ్చేటప్పుడు చేతులకు అంటిన సుద్దపొడిని కావాలనే కడుక్కునేదాన్ని కాదు. నలుగురూ చూడాలి కదా. ఇంట్లో అమ్మ పప్పు రుబ్బమంటే, మరుసటిరోజు పాఠం తయారుచేసుకోవాలని పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ పుస్తకం వెనక తరచూ నిద్రపోయేదాన్నని ఇప్పుడు చెప్పినా ఎవరికీ నష్టం లేదు. ఇంత గొప్పదాన్ని ఎవరికివ్వాలా అని ఇంట్లోవాళ్ళు వెతుకుతుంటే, వచ్చిన ప్రతి సంబంధంవాళ్ళూ ఉప్మా తిని, కాఫీ తాగి, నన్ను వదిలేసి నాయన్ని ఒకే మాట అడిగేవాళ్ళు. "పెళ్ళయినాక ఉద్యోగం మానిపిస్తారు గదా?" నాయన పాపం, "దాందేముంది, మానిపిస్తాం" అనేవాడు. నేను లోపలి నుంచి "మానను" అని అరిచేదాన్ని. అంతటితో ఆ సంబంధం గడప దాటేది. నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉండేది. నాయన ఎప్పటికో ఒకప్పటికి ఎవరికో ఒకరికి మాటిచ్చేస్తాడని, ఆ తర్వాత నా అరుపులు చెల్లవని నాకు తెలుసు.

ఇట్లా కొన్నిసార్లు జరిగాక ఎదురింటావిడ వాకిలి ఊడుస్తూ, "ఏందవ్వా, ఈసారి గూడా కుదర్లేదంటనే?" అని అడిగింది. అవ్వకు అన్నం సహించలేదు. అప్పుడు నాయన ఆఫీసు స్నేహితుడు దేశికాచారిగారు ఒక ఉపాయం చెప్పారు. కార్తీకంలో అందరూ వనభోజనాలకు తలకోన పోతారు. మనమూ పోతాం, పూతలపట్టు పిల్లవాడి కుటుంబమూ వస్తుంది. జలపాతం దగ్గర అనుకోకుండా కలిసినట్టు కలిసి, పక్కపక్కన ఆకులు పరుచుకుని తింటాం. పిల్లను చూస్తారు, నచ్చితే తర్వాత కబురు చేస్తారు, నచ్చకపోతే ఎవరికీ తెలియదు. ఒక్కటే షరతు. అక్కడ ఎవరూ ఎవరినీ 'మీరేనా ఫలానా వాళ్ళు' అని అడగకూడదు, పెళ్ళి మాట ఎత్తకూడదు.

"మరి గుర్తుపట్టేదెట్లా?" అని నాయన అడిగాడు.

"మన నామం గదరా," అంది అవ్వ. "కళ్ళు లేవా నాకు?"

ఇదంతా నాకు తెలియకుండా జరిగిందని వాళ్ళనుకున్నారు. అడవిలో భోజనానికి పోతూ ఆరణి పట్టుచీర కట్టుకోమన్నప్పుడే నాకు తెలిసిపోయింది. అవ్వ జలపాతానికి కూడా ఇంటి నీళ్ళు మోయించింది. కొండ మీద నుంచి పడే నీళ్ళు ఎవరెవరిని తడుపుతూ వస్తాయో తెలియదు కాబట్టి ఆమెకు పనికిరావు. మా ఇత్తడి బిందె బస్సులో నాయన ఒళ్ళో కూర్చుంది. భాకరాపేట దాటాక మలుపు మలుపుకీ తొణికి ఆయన పంచె తడిపింది. పులిహోర గంగాళం అమ్మ ఒళ్ళో. నా ఒళ్ళో ఏమీ లేదు గానీ తలనిండా ఆలోచనలున్నాయి. ఈసారి నాయన నోరు తెరిచేలోపు నేనే ఆ పిల్లవాడితో తేల్చుకోవాలి. దానికోసం నాలుగు వాక్యాలు గ్రాంథికంలో తయారుచేసుకుని, సీటు వెనక ఊచ పట్టుకుని, పెదవులు కదుపుతూ వల్లె వేశాను.

తీరా పోయి చూస్తే కోనంతా జనం. పైనుంచి నీళ్ళు దుముకుతుంటే కింద మగవాళ్ళంతా తువ్వాళ్ళతో నిలబడి కేకలు పెడుతున్నారు. రాళ్ళు నాచుపట్టి ఉన్నాయి. పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని హుందాగా అడుగేయబోయి, మొదటి రాయి మీదే కూలబడ్డాను. పక్కన ఒక కోతి నావైపు చూసి, జాలిపడిందో ఏమో, నా చేతిలోని అరటిపండు తీసుకుని వెళ్ళిపోయింది. అవ్వ ఇవేవీ పట్టించుకోలేదు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నుదుళ్ళు వెతుకుతోంది. నీళ్ళకు దూరంగా, ఎండ పడే బండ మీద ఒక పెద్దావిడా, ఇరవై ఆరేడేళ్ళ పిల్లవాడూ కూర్చుని ఉన్నారు. అతని మొహం మీద ముక్కుదాకా దిగిన నిండైన నామం, గీత చెదరకుండా ఉంది.

"వాళ్ళే," అంది అవ్వ.

"అడిగి చూద్దామా?" అన్నాడు నాయన.

"అడగగూడదు గదరా! దేశికాచారి చెప్పినాడు గదా. చాప పరుసు."

చాప పరిచాం. అమ్మ నవ్వుతూ పులిహోర పెట్టింది. ఆ పెద్దావిడ మా నుదుళ్ళు చూసి, తృప్తిపడి, ఆకు అందుకుంది. కార్తీకంలో పక్కవాళ్ళకు పెట్టడం పుణ్యం కాబట్టి ఆమెకు ఇందులో వింతేమీ కనిపించలేదు. అవ్వ గోత్రం అడిగింది, చెప్పారు. అబ్బాయి ఏం చేస్తాడని అడిగింది, పేరు సంపత్ అనీ, చిత్తూరులో నీటిపారుదల ఆఫీసులో పని అనీ చెప్పారు. సొంతిల్లా అని అడిగింది, దానికీ చెప్పారు. మా ఊళ్ళో ఏ అవ్వయినా ఎవరినైనా ఈ మూడూ అడుగుతుంది కాబట్టి వాళ్ళకు అనుమానం రాలేదు. పూతలపట్టుకు బదులు చిత్తూరు అన్నందుకు మాకూ రాలేదు, ఉద్యోగం అక్కడ అయి ఉంటుందనుకున్నాం. దేశికాచారిగారు మాత్రం కనిపించలేదు. అనుకోకుండా కలిసినట్టు ఉండాలని చెట్ల చాటున నక్కి ఉంటారని నాయన తేల్చేశాడు.

మధ్యలో ఒక యువకుడు తడిసి ముద్దయి, పళ్ళు కొట్టుకుంటూ మా చాప దగ్గరికి వచ్చి, "ఈడ కూర్చోవచ్చా అవ్వా?" అని అడిగాడు. నీళ్ళోడుతున్న నుదురు నున్నగా ఉంది.

"దూరం పోప్పా, మడి," అంది అవ్వ బిందెకు చెయ్యి అడ్డం పెట్టి. "ఇంత పెద్ద కోన ఉండాది, యాడన్నా కూర్చో."

అతను వెళ్ళిపోయాడు. అవ్వ నావైపు తిరిగి, "రంగా, ఆ అబ్బాయికి గిల్లతీగ సూపించుకోని రాపో," అంది. అదీ దేశికాచారిగారి పథకంలో భాగమే. సంపత్ వాళ్ళమ్మ కూడా, "పోయి సూసిరారా, వచ్చిందే అందుకు గదా," అంది. ఆమె ఉద్దేశం తీగే.

మనిషి నడుమంత లావున చెట్ల మీదుగా పాకిపోయే ఆ తీగ కింద నిలబడి, బస్సులో వల్లె వేసిన వాక్యాలు ఒక్కటీ గుర్తురాక, ఉన్నదున్నట్టు అనేశాను. "ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఉద్యోగం మానను."

అతను అటూ ఇటూ చూశాడు. "మానొద్దండి," అన్నాడు.

"ఎవరు చెప్పినా మానను."

"ఎవరు మానమంటాండారు?"

"మీ అమ్మగారు అంటే?"

"మా అమ్మా? ఆమెందుకంటుందండీ? మీ ఉద్యోగం మీది. మధ్యలో ఆమెకేం పని?"

"నాకు వేరే ఊరికి బదిలీ అయితే?"

"పోవాల గదా మరి. బదిలీ అయినాక పోకుండా ఎట్లా?"

"నా జీతం?"

"మీ జీతం మీరు గాక ఇంకెవురు తీసుకుంటారు?" అని, కాస్త భయంగా, "మీకు ఒంట్లో బాగుండాది గదా?" అని అడిగాడు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంత విశాల హృదయం ఉన్న మగవాడు మరొకడు పుట్టలేదని నేను అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను. నా ఆరోగ్యం గురించి కూడా అడిగాడు కదా.

మేం తిరిగి వచ్చేసరికి చాప దగ్గర పెద్ద గొడవ. దేశికాచారిగారు తడిగుడ్డలతో నిలబడి తల బాదుకుంటున్నారు. ఆయన వెనక పూతలపట్టు కుటుంబం. పొద్దున్నే వచ్చి, జలపాతం చూసి ఉత్సాహం పట్టలేక మగవాళ్ళంతా కిందికి పోయి నిలబడ్డారు. నామాలన్నీ కొట్టుకుపోయాయి. తిరుమణి పెట్టె కింద గుడి దగ్గర సంచిలో ఉండిపోయింది. అవ్వ తరిమేసిన వణుకుతున్న పిల్లవాడే పెళ్ళికొడుకు.

"నామం తడిస్తే మనిషి మారిపోతాడా?" అని అతని తండ్రి అరుస్తున్నాడు.

"మొహం మీద ఏమీ లేకుంటే నాకెట్లా తెలుస్తుందప్పా?" అంటోంది అవ్వ.

సంపత్ వాళ్ళమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అంటే మేము తినింది పెళ్ళిచూపుల పులిహోరా?" అంది నెమ్మదిగా.

నాయన చేతులు జోడించాడు. పూతలపట్టువాళ్ళు కాస్త చల్లబడి, వచ్చింది ఎలాగూ వచ్చాం కదా అని చాప మీద కూర్చున్నారు. పిల్లవాడి తల్లి పులిహోర ఆకు అందుకుంటూ నాయన్ని అడిగింది. "ఉద్యోగం మానిపిస్తారు గదా?" అవమానంతో కుంగిపోయి ఉన్న నాయన ఈసారి మాటిచ్చేస్తాడని నాకు తెలిసిపోయింది. ఆయన నోరు తెరిచాడు కూడా. నా చీర నిండా బురద, జడలో ఎండుటాకులు. "నేను ఆయన్ను అడిగేసినాను," అన్నాను సంపత్‌ను చూపించి. "ఆయన మానొద్దన్నారు. నాకు ఆయన సరే." అందరూ సంపత్ వైపు చూశారు. అతను వాళ్ళమ్మ వైపు చూసి, నీళ్ళ వైపు చూసి, "నేను తలకోన సూద్దామని వచ్చినాను," అన్నాడు.

మొదట నవ్వింది అవ్వే. పూతలపట్టువాళ్ళు పులిహోర ఆకు అక్కడే పెట్టి లేచిపోయారు. ఆ తర్వాత కొన్ని రోజులు మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. నాయన ఆఫీసులో దేశికాచారిగారు బల్ల మార్పించుకున్నారు. కార్తీకం వెళ్ళేలోపు సంపత్ వాళ్ళమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని మా సందులోకి వచ్చింది. ఆ పులిహోర ఎవరు కలిపారని అడిగి, అమ్మ కలిపిందంటే, పిల్లకు కూడా వచ్చా అని అడిగింది. వస్తుందని అమ్మ అబద్ధమాడింది. అట్లా మా పెళ్ళయింది.

అప్పటినుంచి ఈ కథను నేను స్టాఫ్‌రూముల్లో, పెళ్ళిపందిళ్ళలో, మహిళా దినోత్సవం వేదికల మీద కూడా చెప్పాను. భర్తను పాండిత్యం చూసో ఆస్తి చూసో కాదు, భావాలు చూసి ఎంచుకున్నదాన్నని చాటుకున్నాను. ఆయనకు అప్పుడు సంగతి తెలియదు కదా అని ఎవరైనా అంటే, నా దగ్గర జవాబు సిద్ధం. పెళ్ళిచూపులకొచ్చిన వరుడు మెప్పు కోసం అబద్ధం చెబుతాడు, తెలియక చెప్పినవాడు మనసులో ఉన్నదే చెబుతాడు. చప్పట్లు కొట్టేవాళ్ళు. నాకు సత్యవేడు బదిలీ అయినప్పుడు రుజువు కూడా దొరికింది. అత్తగారు మూడు పూటలా నసిగి, చివరికి కొడుకును కూర్చోబెట్టి, "ఇంక సాలించమని సెప్పు," అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఆమె ఉద్యోగం గదమ్మా, ఆమెనే అడుగు," అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. నేను సత్యవేడులో గది తీసుకున్నాను. వారమంతా ఆయనే వండుకునేవారు, శనివారం నేను బస్సు దిగి వాకిట్లోకి వచ్చేసరికి మాడిన రసం వాసన స్వాగతం చెప్పేది. గిన్నెలు తోముతూ కూడా నేను గర్వపడ్డాను. చూశారా, ఆనాటి మనిషే అనుకున్నాను.

మొన్న తలకోనలో జలపాతం ముందు ఇనుప కమ్మీ పట్టుకుని హారికకు ఇదే కథ మళ్ళీ చెప్పాను. ఆ పిల్ల వచ్చే వారం తిరుపతిలో ఒక కాఫీ దుకాణంలో ఒక అబ్బాయిని కలవబోతోంది. అతని ఫొటోలు, చదువు, ఎక్కడెక్కడ తిరిగాడు, ఏం తింటాడు, అన్నీ ముందే ఫోన్లో చూసేసింది. ఎంత తడిసి వచ్చినా గుర్తుపడుతుంది. మాకు ఆ సౌకర్యం ఉండి ఉంటే నేనీ పాటికి పూతలపట్టులో ఉద్యోగం మానేసి కూర్చుని ఉండేదాన్ని. హారిక అంతా విని, "తెలీకుండా చెప్పినాడు గదవ్వా తాత," అంది. "ఆయనకు సంబంధమే లేని మాట. బస్సులో పక్కనోడు గూడా అదే చెప్తాడు. నువ్వెప్పుడూ ఆయన్ని అడగలేదా?"

అడగలేదు. వేదికలెక్కి లోకానికంతా చెప్పినదాన్ని, ఇంట్లో ఉన్న మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. కారులో తిరిగి వస్తుంటే భాకరాపేట మలుపుల్లో కూడా హారికను తొందరగా పోనివ్వమన్నాను. తాతకు ఆకలివేళ అని సాకు చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నారు. ఎదురుగా కూర్చున్నాను. "ఆ పొద్దు అది పెళ్ళిచూపులని తెలిసింటే, మీరు ఆ మాటలు చెప్పింటారా?" అని అడిగాను.

ఆలోచించను కూడా లేదు. "లే. మా అమ్మ ఆన్నే ఉండె గదా. అమ్మనడిగి చెప్తానని అనింటాను."

నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, నవ్వు కూడా వచ్చింది. నేను ఎంచుకున్న మనిషి లేనే లేడు. ఇంతకాలం ఎవరి గురించి ఉపన్యాసాలిచ్చానో నాకే తెలియలేదు. "మరి సత్యవేడుకు బదిలీ అయినప్పుడు? అప్పుడు అన్నీ తెలుసు గదా మీకు. అత్తమ్మ ఎదురుగ్గానే ఉండె. అప్పుడెందుకట్లా చెప్పినారు?"

ఆయన కాయ పక్కన పెట్టి నావైపు చూశారు. "ఏం జేసేది? నువ్వు నమ్మేసి ఉంటివి. కనబడినోళ్ళకంతా చెప్పుకుంటా ఉంటివి. ఆ మనిషి నేను గాదని చెప్పేదానికి మొగం చెల్లలే. సరే, ఆయప్ప మాదిరే ఉండిపోదామనుకున్నా."

నేనొక అనపకాయ అందుకుని ఒలిచాను. "కష్టమాయెనా?"

"మొదట్లో," అన్నారు.